లీటరుకి రెండు తక్కువ

కూతవేటు దూరంలో పెట్రోలు బంకు ఉండగా, దాన్ని కాదని తొమ్మిది కిలోమీటర్లు పోయి పెట్రోలు పోయించుకొచ్చే మనిషిని ఏమంటారు? ఊళ్ళోవాళ్ళు చాలానే అన్నారు. పిసినారి అన్నారు, మొండిఘటం అన్నారు, బుర్రలో పెట్రోలు ఆవిరైపోయిందన్నారు. చివరికి అన్నీ కలిపి 'పెట్రోలమ్మ' అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు. బజార్లో ఎవడైనా వెనకనుంచి "పెట్రోలమ్మా!" అని కూస్తే ఆగి, వెనక్కి తిరిగి, "ఏం నాయనా, లీటరు కావాలా?" అని అడిగేది. కూసినవాడే తల దించుకుని సందులోకి తప్పుకునేవాడు.

ఆవిడ పని కారు నడపడం నేర్పడం. వయసు యాభై మూడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. భర్త పెట్టిన డ్రైవింగు స్కూలు అది. ఆయన పోతూ పోతూ ఆవిడకి రెండు వదిలి వెళ్ళాడు: ఒక పాత తెల్లకారు, ఒక తమ్ముడు. "ఒకటి పెట్రోలు తాగుతుంది, రెండోది నా బుర్ర తింటుంది. రెండింట్లో కారే నయం, బ్రేకు తొక్కితే ఆగుతుంది," అనేది. కాగితాల మీద కారు ఆవిడది, స్కూలు మరిదిది. పెట్రోలు ఖర్చు స్కూలుది, జీతం ఆవిడది. పన్నెండేళ్ళు అలాగే నడిచింది.

ఊరి పొలిమేర దాటాక, ఏటి అవతల లారీల రోడ్డు మీద ఒక బంకుంది. అక్కడ ఊరి పన్ను లేదు కాబట్టి లీటరుకి రెండు రూపాయలు తక్కువ. ఆ సంగతి తెలిసిన రోజున ఆవిడ మొహం చూడాల్సింది! సబ్బుబిళ్ళని సగానికి కోసి వాడే మనిషి, ఒక్క అగ్గిపుల్లతో రెండు పొయ్యిలు వెలిగించే మనిషి, ఊరుకుంటుందా? ఇందులో దాపరికమేం లేదు, ఆవిడ మొదట అక్కడికి వెళ్ళింది ఆ రెండు కోసమే. కాకపోతే ఒక్కతే వెళ్ళడం దండగని, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ చేతే నడిపించుకుంటూ వెళ్ళేది. పాఠానికి పాఠం, పెట్రోలుకి పెట్రోలు.

ఆ దారి ఉంది చూశారూ, అది దారి కాదు, పరీక్ష. మొదట ఫర్నిచరు కొట్ల వెనక సందు, రెండుపక్కలా బీరువాలు దించే వ్యాన్లు. సందు దాటితే అయిదు రోడ్ల కూడలి, అక్కడ ఎవడు ఎటు తిరుగుతాడో వాడికే తెలియదు. ఆ తర్వాత రైలు గేటు. గేటు మిట్ట మీదుంది. గేటు పడితే బళ్ళన్నీ ఆ ఎక్కుడులోనే బారుగా ఆగాలి, గేటు లేచాక వెనక్కి జారకుండా కదలాలి. అదీ అయ్యాక ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన. చివర్న బంకు. కారుకి టాంకు మూత ఎడమవైపుంది. అందుకని ఎడమ పక్కన పంపుకి జానెడు ఎడంలో ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను కట్టేసి, సీటు కిందున్న మీట పైకి లాగాలి. వెనక మూత టక్కున తెరుచుకుంటుంది. "హమ్మయ్య, చేరాం," అనేది ఆవిడ. పాఠంలో సగం అక్కడికి అయినట్టు.

గేటు పడితే ఊరంతా తిట్టుకుంటుంది. ఆవిడ ఒక్కతే సంబరపడేది. పదీ ఇరవైకి గూడ్సు బండి వస్తుందని, దానికి సరిగ్గా పావుగంట ముందు పాఠం మొదలుపెట్టేది. గూడ్సు ముందే వెళ్ళిపోయి గేటు తెరిచి కనిపిస్తే, "ఛ, ఇవాళ పాఠం పాడైపోయింది!" అని నెత్తి కొట్టుకునేది.

ఆ దారి వల్ల ఆవిడ శిష్యులకి ఒక జాడ్యం అంటుకుంది. లైసెన్సు పరీక్షలో అంతా తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టరు "ఇక్కడ ఆపండి" అంటాడు. ఆపగానే వీళ్ళ చెయ్యి వీళ్ళ మాట వినకుండా సీటు కిందికి పోయి మీట లాగేసేది. వెనక టక్! పరీక్ష స్థలంలో టాంకు మూత తెరుచుకుని వేలాడేది. అది తప్పుల పట్టికలో లేదు కాబట్టి మార్కులు పోయేవి కావు. ఇన్‌స్పెక్టరు గారికి నవ్వే అలవాటు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పెట్రోలమ్మ శిష్యులా?" అని మాత్రం అడిగేవాడు.

ఇక మరిది సంగతి. నలభై అయిదేళ్ళవాడు, చొక్కా జేబులో పెన్ను బదులు క్యాలిక్యులేటరు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఆఫీసు గదిలో, పార్కింగు బొమ్మలు గీసే తెల్లబోర్డు తుడిచి సిద్ధంగా నిలబడ్డాడు.

"వదినా, కూర్చో. ఇవాళ తేల్చేద్దాం."

"నిలబడే వింటాలే. నీ లెక్కలకి కూర్చుంటే నిద్రొస్తుంది."

"ఒకసారికి నువ్వు పోయించేది ఇరవై లీటర్లు. లీటరుకి రెండు చొప్పున మిగిలేది నలభై. ఒప్పుకుంటావా?"

"నలభై ఊరికే ఎవడిస్తాడయ్యా?"

"విను మరి. పోయి రావడానికి పద్దెనిమిది కిలోమీటర్లు. మన బండి లీటరుకి పన్నెండు కూడా కష్టంగా ఇస్తుంది. అంటే లీటరున్నర దారిలోనే తగలడిపోతోంది. లీటరు వంద. నూట యాభై తగలేసి నలభై పట్టుకొస్తున్నావు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే."

ఆవిడ బోర్డు మీది అంకెలు మనసులో మళ్ళీ వేసి చూసుకుంది. లెక్క తప్పు కాదు. పన్నెండేళ్ళలో ఆ లెక్క ఒక్కసారైనా తను వేసుకోలేదు. వేసుకోకపోగా, ఎంతో మిగిల్చానని నలుగురి దగ్గరా చెప్పుకుంది కూడా. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. కానీ మరిది ముందు ఒప్పుకోవడం అనేది ఆవిడ ఒంట్లో లేదు.

"పాఠమంటే బండి తిరగాలి కదా! ఎటు తిరిగినా అది తాగేది పెట్రోలే, మంచినీళ్ళు కాదు."

"అక్కడికే వస్తున్నా. గోదాము ముందు ఖాళీస్థలం అద్దెకి తీసుకున్నా కదా, అక్కడ తిప్పు. సిమెంటు నేల, ఎదురొచ్చేవాడు లేడు. అరగంట, అయిదు కిలోమీటర్లు, పాఠం సరి. నేను ఆరు నెలలుగా సాయంత్రంపూట ఇదే బండితో అక్కడే నేర్పుతున్నా."

"నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది పాసయ్యారేంటి?"

"అది వాళ్ళ వాళ్ళ బుర్రల్ని బట్టి ఉంటుంది," అని మరిది గోడకి ఒక కాగితం అంటించాడు. "రేపట్నుంచి పాఠానికి అయిదు కిలోమీటర్లే. ముందు మీటరెంత, తర్వాత మీటరెంత, ఇందులో రాయాలి. బండి నీదే వదినా, కాదనను. స్కూలు బోర్డు నాది."

మర్నాడే నర్సమ్మ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పెద్దాసుపత్రి వార్డులో పని. మెట్లెక్కుతూ నడుం మీద చెయ్యేసుకుంది. రెండు నెలలు మరిది దగ్గరే నేర్చుకుంది, మూడుసార్లు పరీక్ష తప్పింది. మూడుసార్లూ ఒకే చోట: నీళ్ళ టాంకు దగ్గర ఎక్కుడులో ఆపి కదపమంటే బండి వెనక్కి జారిపోయింది.

"గోదాము చుట్టూ అయితే కళ్ళు మూసుకుని తిప్పుతాను టీచరమ్మా. ఎక్కుడు కనపడగానే ఈ కాళ్ళు నావి కావు," అంది.

మంచం దిగలేని రోగులకి ఇంటికెళ్ళి కట్లు కట్టి, మందులిచ్చి రావడానికి ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న వ్యాను కొన్నారు. ఆ పని ఆమెకిస్తామన్నారు, కానీ బండి తనే నడుపుకోవాలి. నెలాఖరుకి లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పరీక్ష ఇరవై ఎనిమిదో తారీఖున. ఆ తర్వాత తారీఖు లేదు.

"ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని మంచాల మీంచి ఎత్తుతున్నాను. నా వెన్ను ఫోటో చూసి డాక్టరు గారు ఏమన్నారో తెలుసా? ఇంకో ఏడాది ఇలాగే ఎత్తావంటే నిన్ను ఎత్తడానికి ఇద్దరు కావాలమ్మా అన్నారు." నర్సమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. "మీరు పెట్రోలుకి దూరం పోతారటగా. నన్నూ తీసుకెళ్ళరూ?"

టీచరమ్మ చెయ్యి కారు తాళాల మీదికి పోయింది. మొన్నయితే ఎక్కు తల్లీ అనేసేది. ఇప్పుడు తెల్లబోర్డు కళ్ళ ముందు నిలబడింది. ఆ లెక్క నిజమే. కానీ ఈ కాళ్ళ సంగతి ఆ లెక్కలో ఎక్కడుంది? నలభై కోసం నూట యాభై తగలేస్తున్నావన్నాడు. ఆ నూట యాభైకి ఏమొస్తోందో ఇన్నాళ్ళూ తనకే తెలియలేదు, ఇక ఆ మహానుభావుడికేం తెలుస్తుంది! గోడ మీది కాగితం దగ్గరికి వెళ్ళి మీటరు అంకె రాసింది. పక్కనున్న 'అయిదు' వంక ఒకసారి చూసింది.

"ఎక్కు," అంది. "గూడ్సు పోయేలోగా గేటు దగ్గరుండాలి."

మొదటిరోజు అనుకున్నట్టే అయింది. గేటు లేచింది, ముందున్న బళ్ళు కదిలాయి, మన తెల్లకారు మాత్రం ఒక మూల్గు మూలిగి వెనక్కి జారింది. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యలేదు. టీచరమ్మ తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కి, కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చింది.

"ఏంట్రా ఆ మోత! నువ్వు పుట్టగానే లారీ ఎక్కి ఊరేగావా? నీకు నేర్పినవాడు నీ వెనక ఇలాగే అరిచుంటే ఇవాళ ఎక్కడుండేవాడివి? తొందరైతే ఎగిరి పో!"

లారీవాడు హారను ఆపాడు. ఆపి, "పెట్రోలమ్మా, కానివ్వండి, కానివ్వండి," అని బీడీ తీశాడు. నర్సమ్మ స్టీరింగు వదలకుండా అద్దంలో వెనక లారీ వంక చూసింది.

"మీరు బ్రేకు తొక్కారు కాబట్టి సరిపోయింది."

"అదే నీ రోగం," అంది టీచరమ్మ. "ఎవరో తొక్కుతారని నీ కాలికి తెలిసిపోయింది." మర్నాడు గేటు పడగానే చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇదిగో, నా కాళ్ళు పైనున్నాయి. బండి నీది, వెనకున్న వ్యానుకి తగిలితే ఆ తప్పూ నీదే. ఇప్పుడు క్లచ్చి మెల్లగా వదులు. కళ్ళతో వెతక్కు, కాలితో విను. ఒక చోట బండి ముక్కు పైకి లేస్తుంది. అక్కడ ఆగితే బ్రేకు వదిలేసినా ఎక్కడికీ పోదు."

రెండోరోజు వినపడలేదు. మూడోరోజూ లేదు. నాలుగోరోజు గేటు లేస్తుండగా నర్సమ్మ ఉన్నట్టుండి, "ఆఁ! దొరికింది! నరం దొరికినట్టుంది టీచరమ్మా!" అని అరిచింది. సూది గుచ్చేటప్పుడు నరం దొరికితే కంటికి తెలియదట, వేలికి తెలుస్తుందట. కారు ఒక్క అంగుళం కూడా జారకుండా గేటెక్కి దిగిపోయింది. ఆ సంబరంలో వంతెన మీద ఎదురొచ్చే బస్సుకి దారివ్వడం మర్చిపోయి, ఇద్దరూ కలిసి బస్సు డ్రైవరు చేత నానా చివాట్లూ తిన్నారు.

గోడ మీది కాగితం మాత్రం ఊరుకోలేదు. రోజూ పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది. ఆవిడ ఒక్క అంకె కూడా తగ్గించి రాయలేదు, ఎర్రసిరాతో ఇంకా పెద్దవి చేసి రాసింది. ఆరోరోజు మరిది ఆ కాగితం చింపి పట్టుకొచ్చాడు.

"ఇదేంటి వదినా?"

"కనపడట్లేదా? పద్దెనిమిది."

"అయిదు అన్నాను."

"పై పదమూడూ నా జీతంలో కోసుకో."

"కోస్తాను, దానికేం! కానీ నా మాటకి విలువేముంది ఇక్కడ? నా దగ్గర నేర్చుకుని తప్పిన మనిషిని తీసుకుని ఊరి మధ్యలోంచి రోజూ ఊరేగుతున్నావు. నలుగురూ ఏమనుకుంటారు?"

"ఓహో, నొప్పి అక్కడుందా!" అంది ఆవిడ. "ఆ మనిషి నడుం విరిగిపోతుంటే నీ పరువు నొప్పి నీకొచ్చిందా! నీ గోదాములో మిట్టొకటి కట్టించు, ఇవాళే అక్కడికొస్తా."

మరిది మొహం జేవురించింది. "సరే. ఇరవై ఎనిమిదిన ఆమె తప్పితే నీకిక్కడ పాఠాల్లేవు. బండి ఇంటికి తోలుకుపో. నేను కొత్త బండి కొనుక్కుంటా, కొత్త మనిషిని పెట్టుకుంటా."

పాసైతే ఏం చేస్తావని ఆవిడ అడగలేదు. పందెం కాయడానికి ఇదేం కోడిపుంజు కాదు, ఒక మనిషి బతుకు. ఇంటికెళ్ళాక మాత్రం కుర్చీలో కూలబడింది. యాభై మూడేళ్ళకి ఇంకొకడి బోర్డు కింద ఎవరిస్తారు పని? భయమేసింది. భయమేసినందుకు తనమీద తనకే మండింది. లేచి, అగ్గిపుల్ల గీసి ఒకే ఒక్క పొయ్యి వెలిగించి, ఆ పుల్ల పారేసింది.

ఇరవై ఏడో తారీఖు, చివరి పాఠం. సందు, కూడలి, గేటు, వంతెన, అన్నీ నర్సమ్మ నోరెత్తకుండా దాటించింది. బంకులో పంపుకి జానెడు ఎడంలో ఆపి మీట లాగింది. మూత టక్కుమంది. పెట్రోలు పోసే ముసలాయన దగ్గరికొచ్చి, చేతిలో గొట్టం పట్టుకుని, పొయ్యకుండా నిలబడిపోయాడు.

"టీచరమ్మా, మీకు చెప్పకుండా పోస్తే పాపం. రాత్రి నుంచి ఇక్కడా ఊరి పన్ను వేశారు. పొలిమేర జరిపారట. మీ వీధి బంకు ధరే ఇక్కడా. ఒక్క పైసా తేడా లేదు."

ఆవిడ పంపు మీద అంకెలు చూసింది. నిజమే. పన్నెండేళ్ళుగా ఊరందరి మొహం మీదా విసిరికొట్టిన ఆ రెండు తక్కువ ఇక లేదు. ఇప్పుడు మరిదికి చెప్పడానికి సాకు కూడా మిగల్లేదు. పక్కన నర్సమ్మ బిక్కమొహం వేసుకుని చూస్తోంది. వెనకున్న లారీవాడు కూడా తల బయటపెట్టి వింటున్నాడు.

"అయితే?" అంది పెట్రోలమ్మ. "వచ్చినవాళ్ళని చూస్తూ నిలబడ్డానికా నీకు జీతం? పొయ్యి."

"ఎంత?"

"ఎప్పుడూ పోసినంత!"

మర్నాడు పరీక్ష. టీచర్లు పరీక్ష స్థలం గేటు బయటే ఉండాలని నియమం. ఆవిడ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. కాసేపటికి మరిది స్కూటరు దూరంగా ఆగింది. వాడు దిగలేదు, పలకరించలేదు. తెల్లకారులో నర్సమ్మ, పక్కన ఇన్‌స్పెక్టరు. కారు మలుపు తిరిగి నీళ్ళ టాంకు వైపు పోయింది. ఆ ఎక్కుడు ఇక్కడినుంచి కనపడదు. ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ గేటు బయట నిలబడే ఎడమకాలు మెల్లగా పైకెత్తుతూ, ఒక చోట ఆపుతూ ఉంది. పక్కనున్నవాళ్ళు చూసి నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ!

పది నిమిషాలు పట్టింది. కారు తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపాడు, కారు ఎడమ గోడకి జానెడు ఎడంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు.

టక్.

వెనక మూత తెరుచుకుంది. టీచరమ్మ ఊచల్లోంచి చూస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు దిగాడు. చేతిలో కాగితంతో కారు వెనక్కి నడిచి, వేలాడుతున్న మూత వంక చూసి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. వంగి, డ్రైవరు కిటికీలోకి తల పెట్టి, గేటు దాకా వినపడేటట్టు అడిగాడు.

"ఎంత పొయ్యమంటారమ్మా?"

నర్సమ్మ నాలుక్కరుచుకుని స్టీరింగు మీద మొహం దాచుకుంది. ఇన్‌స్పెక్టరు అరచేత్తో మూత నొక్కి మూశాడు. కాగితం మీద సంతకం పెట్టి కిటికీలోంచి ఆమె చేతికిచ్చాడు. నర్సమ్మ దిగి గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకోవడం మర్చిపోయింది. ఊచల్లోంచే టీచరమ్మ చేతులు పట్టుకుని, "జారలేదు! ఒక్క వెంట్రుకవాసి కూడా జారలేదు!" అంటూ ఏడ్చేసింది. టీచరమ్మకీ కళ్ళు నిండాయి. "ఏడుపెందుకే పిచ్చిదానా, రేపట్నుంచి నీ వెనక లారీవాళ్ళు ఏడుస్తారు," అని కసిరింది.

అప్పుడు మరిది స్కూటరు దిగి మెల్లగా దగ్గరికొచ్చాడు. చెయ్యి జేబు దగ్గరికి పోయి, క్యాలిక్యులేటరు తగిలి, ఆగింది.

"వదినా, ఏటవతల బంకులో కూడా ధర పెంచేశారటగా," అన్నాడు చివరికి. "ఇప్పుడు ఆ రెండు కూడా లేదు. ఇంకా ఎందుకు అంత దూరం?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని టైము చూసింది. పదీ అయిదయింది. నర్సమ్మ చేతిలోంచి కారు తాళాలు తీసుకుంది.

"చౌక పోయిందయ్యా. దూరం పోలేదుగా!"